మూడో మెయిలు

పోర్టుబ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ పేటలో ఈ కథ చెప్పేవాళ్లు ఇలా చెబుతారు. సునామీ వచ్చి సరిగ్గా ఏడాది నిండిన అర్ధరాత్రి, సముద్రంలో పోయిన చిరంజీవి తన భార్యకు మెయిలు పంపాడు. అది తెరవగానే కంప్యూటరులోంచి ఉప్పునీళ్లు కారాయి. చదివిన భార్యకు మతి పోయింది. అతని తల్లి నడుచుకుంటూ వెళ్లి నీళ్లలో కలిసిపోయింది. చేపల రేవులో చెప్పినా, ఆటో స్టాండులో చెప్పినా, పెళ్లి విందులో ఆకు ముందు కూర్చుని చెప్పినా కథ ఇదే. చెప్పేవాడి గొంతును బట్టి ఉప్పునీళ్లు మాత్రం కొంచెం ఎక్కువో తక్కువో అవుతుంటాయి.

ఇందులో చాలా భాగం నిలవదు. అది అర్ధరాత్రి కాదు, సాయంత్రం. అండమాన్‌లో గడియారం ఢిల్లీ మాట వింటుంది, సూర్యుడు బర్మా మాట వింటాడు. అందుకే డిసెంబరులో విశాఖపట్నంవాళ్లు ఇంకా ఎండలో టీ తాగుతున్న వేళకు పోర్టుబ్లెయిర్‌లో దీపాలు పెట్టేస్తారు. కంప్యూటరులోంచి చుక్క నీరు కారలేదు. ఆ తరువాత కూడా అది చాలాకాలం పనిచేసింది. చిరంజీవి భార్య భానుకు మతి పోలేదు. బ్రూక్షాబాద్‌లో ఈనాటికీ ఆమె జిరాక్సు దుకాణం నడుస్తోంది. ఆ కథ ఎవరైనా తన ఎదుట ఎత్తితే, వాళ్ల కాగితాలు వాళ్ల చేతిలో పెట్టి గుమ్మం చూపిస్తుంది.

ఇక మిగిలింది ఆ మెయిలు. చదువుకున్నవాళ్లు దాన్ని ఒక్క మాటతో తేల్చేస్తారు: అది దొంగల పని, చచ్చినవాళ్లకు మెయిళ్లేమిటి? భాను కూడా ఆ మాటే అనేది. అందరికంటే గట్టిగా అనేది. ఆ మాట ఎంతవరకు నిజమన్నదే ఇక్కడ తేలవలసిన ప్రశ్న.

2005లో భానుది జంగ్లీఘాట్ రోడ్డు మీద రెండు కంప్యూటర్ల నెట్ సెంటరు. ద్వీపాలకు ఇంటర్నెట్టు అప్పట్లో ఉపగ్రహం మీదుగా వచ్చేది. వచ్చేదనడం కంటే దిగేదనడం సబబు. వాన పడితే దిగేది కాదు. తెల్లవారుజామున కొంచెం చురుగ్గా ఉండేది. అందుకని భాను చీకటితోనే లేచి, సెంటరు పేరున ఉన్న ఒకే ఒక మెయిలుపెట్టె తెరిచి, పేటలో సగంమందికి వచ్చిన కబుర్లను దించి ఉంచేది. బియ్యం కొట్టుకు వెళుతూ, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తూ, జనం గుమ్మంలో ఆగి, "మాకేమైనా వచ్చిందా?" అని పోస్టాఫీసులో అడిగినట్టు అడిగేవారు. సునామీ సాయం దరఖాస్తులకు కూడా ఆ పెట్టె చిరునామానే ఇచ్చుకున్నారు. ఆ పెట్టె తాళపు మాట, అదే పాస్‌వర్డు, ఒక్క భానుకే తెలుసు.

చిరంజీవి పడవ ఇంజన్ల మిస్త్రీ. 2004 డిసెంబరులో ఒక కంట్రాక్టరు లాంచీ బాగుచేయడానికి ఓడెక్కి, నికోబార్ దీవుల చివరనున్న కాంప్‌బెల్ బే వెళ్లాడు. ఇరవై ఆరో తేదీ ఆదివారం పొద్దున అతడు లాంచీ కిందనే ఉన్నాడని చూసినవాళ్లు చెప్పారు. ఆ తరువాత లాంచీ లేదు, అది నిలిచిన గట్టు లేదు. మనిషి దొరకలేదు.

దొరకనివాళ్ల కోసం ఏడేళ్లు ఆగనక్కరలేదని, చనిపోయినట్టు ముందే నమోదు చేస్తామని ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది. అతని తల్లి కామమ్మ వేలిముద్ర వేయనంది. కర్మ చేయనివ్వనంది. ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు. సాయంకాలం కాగానే చేపల రేవు మెట్ల మీదకు వెళ్లి కూర్చునేది. భూకంపంలో అక్కడి నేల కుంగిపోయింది. మునుపు పొడిగా ఉండే పై మెట్లు కూడా ఇప్పుడు పోటు వేళ మునుగుతున్నాయి. రెండుసార్లు నడుములోతు నీళ్లలో నిలబడి ఉండగా పడవలవాళ్లు ఆమెను ఇవతలికి లాక్కొచ్చారు. మూడోసారి లాగడానికి ఎవరూ ఉండకపోవచ్చని భానుకు తెలుసు. భర్తను సముద్రానికి ఇచ్చింది, అత్తను ఇవ్వదలచుకోలేదు. అందుకే ఎండ వాలగానే కామమ్మను తెచ్చి సెంటరులో గోడవార బల్ల మీద, తన కంటి ఎదుట కూర్చోబెట్టుకునేది.

కామమ్మ కూర్చోవడానికి ఒప్పుకుందంటే, దాని వెనుక ఒక ఆచారముంది. సిక్కోలు తీరం నుంచి వచ్చిన ఆ పడవల కుటుంబాల్లో, దీపాల వేళ నీటివైపు నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకరు. రెండో పిలుపుకూ పలకరు. మూడుసార్లు పిలిచినవాడే మనిషి. పోయినవాళ్లకు ఒక్క పిలుపుకే ఊపిరి ఉంటుందట.

"నా బాబు బతికే ఉన్నాడు," అనేది కామమ్మ. "పిలిస్తే మూడు పాళ్లు పిలుస్తాడు. అందాకా నానిక్కడే కూకుంటాను."

ఆ ఆచారం మీద భానుకు నమ్మకం లేదు. కానీ అది అత్తను బల్లకు కట్టి ఉంచినంతకాలం దానితో పేచీ పెట్టుకోలేదు.

మొదటి మెయిలు దీపావళికి ముందు వచ్చింది.

ఆ సాయంత్రం సెంటరులో సుభాష్ ఉన్నాడు. ఆటో నడుపుతాడు, చిరంజీవికి చిన్ననాటి స్నేహితుడు. అన్న పంపిన పెళ్లికూతురి ఫొటో కోసం అరగంట నుంచి తెర ముందు తపస్సు చేస్తున్నాడు.

"భాభీ, ఏమైంది? ఎంతవరకు వచ్చింది?"

"నుదురు వచ్చింది. ముక్కు రేపొస్తుంది."

"నుదురు చూసి హాఁ చెప్పేయమంటావా?"

"నీ నుదురు చూసి ఆ పిల్ల ఒప్పుకున్నాక నువ్వు ఒప్పుకోవడానికేం?"

నవ్వుతూనే తన పెట్టె తెరిచిన భాను నవ్వు ఆపేసింది. ఇంగ్లీషులో ఒక మెయిలు. ఎక్కడా వినని, పొడుగాటి పేరున్న ఒక అంతర్జాతీయ సహాయ కేంద్రం నుంచి. 'ప్రియమైన వినియోగదారునికి, తప్పిపోయిన మీ బంధువు థాయిలాండ్ ఆస్పత్రిలో ఉన్నారు. వివరాలు చూడడానికి కింద నొక్కి, మీ మెయిలు చిరునామా, తాళపు మాట ఇవ్వండి. ఇరవై నాలుగు గంటలు దాటితే ఈ అవకాశం ఉండదు.'

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె గుండె ఎగిసింది. ఆ క్షణాన్ని ఆమె తరువాత ఎవరికీ క్షమించలేదు.

నొక్కమన్న చోట నొక్కలేదు. మౌసు బాణాన్ని దాని మీద నిలిపి ఉంచింది. అది నిజంగా ఎక్కడికి తీసుకుపోతుందో తెర అడుగున కనిపించింది: సహాయ కేంద్రం పేరు లేదు, ఉత్త అంకెలు.

"ఏటే, ఏటొచ్చింది?" అంది బల్ల మీద నుంచి కామమ్మ.

దాచడం కంటే చెప్పడం మేలనుకుంది భాను. "దొంగల మెయిలత్తా. చూడు, మనమెవరమో వీడికి తెలీదు, పేరు రాయలేదు. తప్పిపోయింది మగో ఆడో కూడా రాయలేదు. రేపటిలోగా అంటూ తొందర పెడుతున్నాడు. అన్నిటికంటే ముఖ్యం, తాళం అడుగుతున్నాడు. మన మనిషిని చూపించడానికి మన పెట్టె తాళం ఎందుకు వాడికి?"

"మనిల్లెలాగ తెలిసింది మరి ఆడికి?"

భాను మెయిలు మూసేసింది. తప్పిపోయినవాళ్ల కోసం నెట్‌లో పెట్టిన పట్టీలన్నిటిలోనూ చిరంజీవి పేరు, ఫొటో, సెంటరు చిరునామా తానే ఎక్కించింది. ఎవడో ఆ పట్టీలు ముందేసుకుని, శవాల జేబులు వెతికినట్టు ఒక్కొక్క పేరూ వెతుకుతున్నాడు. ఆ ఊహకు ఆమెకు భయం కలగలేదు. ఒళ్లు మండింది.

మరునాడు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, హిందీలో రాసి గోడకు కొట్టింది: తాళం అడిగే మెయిలు దొంగ మెయిలు. నొక్కవద్దు. జవాబు రాయవద్దు.

"జవాబు రాస్తే ఏమవుద్ది భాభీ? నాలుగు గాలీలు ఇస్తే పోయె," అన్నాడు సుభాష్.

"తిట్టు అయినా జవాబు జవాబే. వాడు వెయ్యి ఇళ్ల తలుపు తడుతుంటాడు. లోపల మనిషి ఉన్నట్టు నీ తిట్టే వాడికి చెబుతుంది. ఆ తరువాత ఇక వదలడు."

రెండోది కార్తీక మాసం మొదటి సోమవారం వచ్చింది. అదే చిరునామా. ఈసారి పేరుంది: చిరంజీవి. ఈసారి ఫొటో ఉంది.

ఉపగ్రహం నుంచి ఆ ఫొటో గీత తరువాత గీతగా దిగుతుంటే కామమ్మ బల్ల దిగి వచ్చి కోడలి వెనుక నిలబడింది. జుట్టు. కనుబొమలు. కళ్లు. ముసలామె వంగి, తెరకు పెదవులు ఆనించింది.

"రెండో పాలి," అంది నెమ్మదిగా. "రెండు పాళ్లు పిలిసినాడే."

భాను మాత్రం ముఖం చూడడం లేదు. ఫొటో కుడి మూలను చూస్తోంది. ఆస్పత్రి మంచం మీద తీశామన్న ఆ ఫొటోలో, అతని భుజం పక్కన, వేలెడంత చిలకపచ్చ చీరంచు. అది తన పెళ్లిచీర. వాళ్లు పట్టీలో ఉన్న పెళ్లిఫొటోను తీసుకుని, పక్కనున్న ఆమెను కత్తిరించి పారేశారు. పూర్తిగా కత్తిరించే ఓపిక కూడా లేకపోయింది.

"నన్ను కోసేశారు," అంది భాను. "అత్తా, ఇదుగో నా చీర. చూడు. ఇది మన ఫొటో. మన ఇంట్లోదే ఎత్తుకుపోయి మనకే అమ్ముతున్నారు."

"పోనీలే. ఆడే పంపమన్నాడేమో."

"అత్తా!"

ఆ అరుపుకు పక్క కంప్యూటరు ముందున్నవాళ్లు లేచి వెళ్లిపోయారు.

మరునాడు భాను రెండు మెయిళ్లనూ, అవి ఏ దారిన వచ్చాయో చెప్పే గజిబిజి వరుసలతో సహా అచ్చుతీసి పోలీసు స్టేషనుకు పట్టుకెళ్లింది. బల్ల వెనుకనున్న పెద్దమనిషి తిప్పి తిప్పి చూసి, "కంప్యూటర్ మే చోర్ ఘుసా క్యా? దొంగ కంప్యూటర్లో దూరాడా?" అని నవ్వాడు. నాగేంద్ర అనే చిన్న ఎస్.ఐ. ఒక్కడు నవ్వలేదు. కాగితాలు తీసుకుని, మద్రాసుకు పంపుతానన్నాడు. మెయిలు కంపెనీకి కూడా భాను ఫిర్యాదు రాసింది. చేయవలసినవన్నీ చేసింది. చేసినకొద్దీ కోపం పెరిగిందే కాని తగ్గలేదు. అన్నం కలుపుతున్నా, నీళ్లు పడుతున్నా, ముఖం తెలియని ఆ మనుషులతో లోలోపల తగాదా పడుతూనే ఉండేది.

డిసెంబరు ఇరవై ఆరు సోమవారం వచ్చింది. ఏడాది.

పొద్దున సముద్రపు ఒడ్డున ప్రార్థనలు జరిగాయి, నీళ్లలో పూలు వదిలారు. భాను వెళ్లలేదు, అత్తను వెళ్లనివ్వలేదు. మధ్యాహ్నం నుంచి సన్నని తుంపర. నాలుగున్నరకే రోడ్డు బూడిదరంగు తిరిగింది. ఐదు దాటాక రేవు వైపున్న పడవల రంగులు ఒకటొకటిగా ఆరిపోయాయి. ఆ రోజుల్లో సాయంకాలం చంద్రుడు లేడు. ఆపైన కరెంటు పోయింది.

సెంటరులో ముగ్గురే ఉన్నారు. బల్ల మీద కామమ్మ. వాన తగ్గేదాకా ఆగుదామని లోపలికి వచ్చిన సుభాష్. బ్యాటరీ మీద బతుకుతున్న ఒక్క కంప్యూటరు ముందు భాను. బ్యాటరీ పెట్టె ఉండి ఉండి కీచుమంటోంది. తెర వెలుతురు గోడ మీది అట్టదాకా మాత్రమే వెళుతోంది. రేకుల మీద తుంపర చప్పుడు. దూరంగా పడవలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్న చప్పుడు. అప్పుడు పోటు వేళ.

"మూసేయ్ భాభీ. ఇంటి దగ్గర దింపేస్తా."

"ఒక్క నిమిషం."

పెట్టెలో కొత్త మెయిలు ఉంది. అదే చిరునామా.

భాను తెరిచింది. ఫొటో లేదు. కేంద్రం పేరు లేదు. ద్వీపంలో పిల్లలంతా రాసినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒకే వరుస.

అమ్మని పంపు. రేవు దగ్గర ఉన్నాను. చీకటిగా ఉంది.

అంతే.

భాను కుర్చీ ముందుకు లాక్కుంది. తెలుగు కూడా నేర్చుకున్నారన్నమాట! రేవు సంగతి కూడా కనుక్కున్నారు. ఏడాది రోజున, ఈ వేళకు, తీరిగ్గా కూర్చుని, ఏ మాట కోస్తే ఎక్కడ తెగుతుందో లెక్కవేసి రాశారు. నొక్కడానికి ఇందులో ఏమీ లేదని ఆమె గమనించలేదు. గడువు లేదని గమనించలేదు. తాళం అడగలేదని గమనించలేదు. గుర్తులన్నీ పదిమందికి నేర్పిన మనిషి, ఆ సాయంత్రం ఒక్క గుర్తునూ వెతకలేదు.

"మూడోదా?" అంది కామమ్మ.

"ఏమీ కాదత్తా."

"నీ ఊపిరి తెలుస్తంది నాకు. మూడోదే." ముసలామె గొంతులో ఏడాదిగా లేని తేట. "మూడు పాళ్లు పిలిసినాడు. ఇంక పలకొచ్చు."

"ఎవడూ పిలవలేదు!" భాను గిర్రున తిరిగింది. "నీ చచ్చినవాళ్లు ఒక్కసారే పిలుస్తారన్నావు కదా? ఇదుగో, మూడుసార్లు పిలిచేది ఎవరో తెలుసా? దొంగ! దొంగ మూడుసార్లు పిలుస్తాడు, ముప్పైసార్లు పిలుస్తాడు, మనం తలుపు తీసేదాకా పిలుస్తాడు! మీ ఆచారం వాడికి భలే పనికొచ్చింది!"

ఆమె తెర వైపు తిరిగి, జవాబు రాయడం మొదలుపెట్టింది. వేళ్లు కీబోర్డును కొడుతున్నాయి.

"భాభీ." సుభాష్ లేచాడు. "మత్ లిఖో. గోడ మీద నువ్వే రాశావు."

"తెలుసు."

"తెలిసీ..."

"నోరుముయ్యి సుభాష్. ఒక్కసారి. ఒక్కసారి వాడు నా మాట వినాలి."

ఆమె రాసింది ఇది: నువ్వు మనిషి పుట్టుకే పుట్టి ఉంటే చీకట్లో దాక్కుని పిలవకు. మా గుమ్మంలోకి రా. వచ్చి మా అత్తను నువ్వే అడుగు.

నొక్కింది.

వానలో ఎప్పుడూ అంత తొందరగా వెళ్లదు. కన్ను మూసి తెరిచేలోగా వెళ్లిపోయింది.

తుంపర ఆగింది.

ఆగిందని ముగ్గురికీ ఒకేసారి తెలిసింది, ఎందుకంటే ఇంకేమీ వినబడడం లేదు. పడవల ఒరిపిడి లేదు. రోడ్డు మీద బండి లేదు. బ్యాటరీ పెట్టె కూడా కీచుమనడం మానేసింది.

వాసన ముందు వచ్చింది. సముద్రపు వాసన కాదు, దానికి అలవాటుపడ్డ ముక్కులు అవి. డీజిలు. డీజిలు కింద బురద. చాలాకాలం మూసి ఉన్నదాన్ని తెరిచినప్పటి బురద.

అప్పుడు బయట సిమెంటు వసారా మీద... అడుగు.

తడి రబ్బరు చెప్పు నేలను వదిలేటప్పటి చప్పుడు.

ఇంకొకటి.

తొందర లేదు. చీకట్లో గోడ తడుముకుంటూ వచ్చేవాడి నడక.

"కౌన్ హై?" సుభాష్ అన్నాడు. గాలి తప్ప గొంతు రాలేదు.

గుమ్మం దగ్గర అడుగులు ఆగాయి. తెర వెలుతురు అక్కడిదాకా పోదు. తలుపు తెరిచే ఉంది. తెరిచిన తలుపులో చీకటి, బయటి చీకటి కంటే ఒక పిసరు చిక్కగా ఉంది.

"అమ్మా."

ఒక్కసారి.

భాను ఆ గొంతును పోల్చుకుంది. పోల్చుకోలేదని తరువాత పోలీసులకు చెప్పింది.

కామమ్మ కదల్లేదు. జీవితమంతా పాటించిన ఆచారం ఆమె నోటికి అడ్డుపడింది. మొదటి పిలుపు. పలకకూడదు. ముసలామె రెండు చేతులూ బల్ల అంచును పట్టుకుని, ముందుకు వంగి, వింటోంది.

నిశ్శబ్దం.

"ఇంకో పాలి పిలు బాబూ," అంది గుసగుసగా.

నిశ్శబ్దం.

"ఇంకో పాలి... ఒక్క పాలి పిలు. నా తండ్రి కదూ. పిలిస్తే నానొస్తాను కదా..."

గుమ్మంలోంచి నీటిచుక్క ఒకటి సిమెంటు మీద పడింది. పిలుపు మాత్రం రాలేదు.

"పిలవలేకపోతన్నాడు," అంది కామమ్మ. ఎవరితో అందో తెలియదు. అప్పుడు మొదటిసారి ఏడ్చింది. "ఊపిరి లేదు నా బాబుకి. పిలవలేకపోతన్నాడే."

ఆపైన, అత్తారింట అడుగుపెట్టిన నాటి నుంచి ఎన్నడూ చేయని పని చేసింది. పలికింది.

"ఓయ్!"

తెర ఆరిపోయింది.

బల్ల కిర్రుమంది. భాను కుర్చీలోంచి దూకి, చీకట్లో అడ్డంగా చేయి చాచింది. చేతికి చేయి తగిలింది. ఒడిసి పట్టుకుంది. "అత్తా, వద్దు..." అని వెనక్కి లాగింది. ఆ చేయి లాగిన వైపుకు రాలేదు, పెనుగులాడలేదు. నెమ్మదిగా ఆమె వేళ్ల చుట్టూ తన వేళ్లు ముడిచింది.

చల్లటి చేయి. తడిసిన చేయి. కామమ్మ చేతికి రెండింతల చేయి. గోళ్ల సందున జిడ్డు.

భాను వదిలేసింది.

వదిలేసి, అరిచింది. సుభాష్ ఎక్కడో తడబడి పడ్డాడు, లేచాడు, వసారాలోకి పరుగెత్తి ఆటో దీపం వేశాడు. దీపం వెలుగులో బల్ల ఖాళీగా ఉంది. గుమ్మం ఖాళీగా ఉంది. వసారా సిమెంటు మీద తడి అడుగులు లోపలికి వచ్చాయి, బల్లదాకా. బయటికి వెళ్లినవి ఏవీ లేవు.

పొడి కాళ్లు గుర్తు వదలవు కనుక, కామమ్మ తనంతట తాను నడిచి వెళ్లిపోయిందని పోలీసులు నిర్ణయించారు. అందులో తర్కం లేకపోలేదు. తడి అడుగులు వానలో తలదాచుకోవడానికి వచ్చినవాడెవడివో అయి ఉంటాయన్నారు. సుభాష్‌వే అయి ఉంటాయని కూడా అన్నారు. ఏడాది రోజు, ముసలి ప్రాణం, మెయిలు చూసి చెదిరిన మనసు, పోటు మీదున్న సముద్రం. తెల్లవారాక పడవలు చాతం ద్వీపం దాకా వెతికాయి. ఏమీ దొరకలేదు. తల్లికి కూడా ఏడేళ్లు ఆగనక్కరలేదని ఎవరో కాగితం తెస్తే, భాను దాన్ని అడ్డంగా చింపింది.

పేటలో దెయ్యం కథ అప్పుడే పుట్టింది. ఆ కథ మీద భాను విరుచుకుపడింది. దెయ్యం లేదు. గొంతు లేదు. చీకట్లో తాను పట్టుకున్నది సుభాష్ చేయే. కాదని సుభాష్ అంటే, భయంలో వాడికి తన చేయి ఏదో తెలియలేదంది. చంపింది దొంగలు. ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని, ఒక ముసలిదాన్ని ఒకే వరుసతో నీళ్లలోకి నడిపించారు. వాళ్లకు పేర్లుంటాయి, ముఖాలుంటాయి, మెడలుంటాయి. పట్టుకుంటే దొరికే మెడలు. కోపానికి ఒక మనిషి కావాలి. ఆ మనుషులు ఉన్నారన్న ధైర్యంతోనే ఆమె ఆ మూడు నెలలు పొద్దున లేచి సెంటరు తెరిచింది. వారం వారం స్టేషనుకు వెళ్లి, "దొరికారా?" అని అడిగింది.

మార్చిలో ఒక ఉదయం ఎస్.ఐ. నాగేంద్ర తానే సెంటరుకు వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"దీదీ, మంచి ఖబర్. దొరికారు. మద్రాసు నుంచి ఇప్పుడే ఫోను. ముగ్గురే. ఒక లాడ్జి గదిలోంచి నడిపారంట మొత్తం. తమిళనాడులో, శ్రీలంకలో, అన్నిచోట్లా తప్పిపోయినవాళ్ల పేర్లే పట్టుకున్నారు కమ్‌బఖ్త్‌లు. ముందే చాలామంది ఫిర్యాదు చేశారు, మీ కాగితాలు చేరేసరికి దారి దొరికిందంట. మీరు పంపిన ఆ గజిబిజి వరుసలే పనికొచ్చాయి."

భాను లేచి నిలబడింది. కళ్లు మూసుకుంది. మూసిన కళ్ల వెనుక ఎంతోకాలంగా బిగించి ఉన్నదేదో కొంచెం సడలింది.

"ముఖాలు చూడాలి," అంది. "ముగ్గురివీ. మా అత్త గురించి అడిగారా? ఆ మూడో మెయిలు ఎవడు రాశాడట?"

"మూడోదా? మీరిచ్చింది రెండే కదా దీదీ. వాళ్ల కంప్యూటర్లో మీ పేరున రెండే ఉన్నాయన్నారు."

"మూడోది కూడా ఉంటుంది, సరిగ్గా వెతకమనండి. నాకు వచ్చింది. అదే చిరునామా నుంచి వచ్చింది."

"ఆ చిరునామానైతే అరెస్టు రోజే కంపెనీతో మూయించేశారు. ఇక దాంట్లోంచి ఎవరూ పంపలేరు, దానికెవరూ పంపలేరు, పంపితే తిరిగొచ్చేస్తుంది. ముగ్గురికీ బెయిలు కూడా రాలేదు, ఆ రోజు నుంచి జైల్లోనే ఉన్నారు."

"ఏ రోజు?"

మనకు చెప్పడమే ఆలస్యం చేశారని నొచ్చుకుంటూ, నాగేంద్ర జేబులోంచి చీటీ తీసి చూశాడు.

"నవంబరు పంతొమ్మిది," అన్నాడు. "రెండువేల ఐదు, నవంబరు పంతొమ్మిది, శనివారం."